జీఎం మిర్చే లేనప్పుడు పత్రం ఎందుకు?

జన్యుమార్పిడి (జీఎం) పంటల మీద, ఒక్కో దేశం వాటికి పెట్టిన నిబంధనల మీద ఈ నెల చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: స్పెయిన్ కొనుగోలుదారు ఎండుమిర్చి లోడుకి ‘నాన్ జీఎంఓ’ పత్రం పెట్టమంటున్నాడు. మన దగ్గర జీఎం మిర్చే లేదు కదా! లేనిదానికి పత్రం దేనికి? పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చే ప్రమాదం ఉందా?
– ఎగుమతిదారు, గుంటూరు

మీరన్నది నిజమే. మన రైతు పొలంలో వాణిజ్యపరంగా పండుతున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. 2002 మార్చిలో దానికి అనుమతి వచ్చింది. మిర్చికి ఇక్కడ ఏ అనుమతీ లేదు. అయినా కొనేవాడు పత్రం అడుగుతాడు. అతని దేశపు చట్టం మీ మిర్చిని నమ్మదు, కాగితాన్నే నమ్ముతుంది.

ఐరోపా యూనియన్‌లో 1829/2003, 1830/2003 అనే రెండు నిబంధనలు కలిసి పనిచేస్తాయి. మొదటిది అనుమతి గురించి, రెండోది సరుకు ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్లిందో రాసిపెట్టుకోవడం గురించి. అక్కడ అనుమతి ఉన్న జీఎం రకం పొరపాటున కలిస్తే, ఒక్కో దినుసులో 0.9 శాతం వరకు ‘జీఎం’ అనే లేబుల్ అక్కర్లేదు. ఆ కలయిక అనుకోకుండా జరిగిందనీ, తప్పించడం సాధ్యం కాలేదనీ మీరు చూపించగలగాలి. అనుమతి లేని రకమైతే ఆహారంలో ఈ 0.9 వర్తించదు, ఆనవాలు దొరికినా సరుకు వెనక్కే. చాలామంది ఎగుమతిదారులు ఈ రెంటినీ కలిపేసుకుని ‘ఒక శాతం లోపు పర్లేదట’ అని ధీమాగా ఉంటారు. దెబ్బ తినేది అక్కడే.

ఇక పరీక్ష సంగతి. ల్యాబు ముందు పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కల్ని పెంచి గుర్తించే) పద్ధతిలో జల్లెడ పడుతుంది. జన్యుమార్పిడి మొక్కల్లో ఎక్కువగా వాడే రెండు డీఎన్‌ఏ ముక్కలు, 35ఎస్ ప్రమోటరు, నాస్ టెర్మినేటరు, ఉన్నాయా లేవా అని చూస్తుంది. ఇది మిర్చినే వెతికే పరీక్ష కాదు. ఆ పొడిలో ఏ మొక్క తాలూకు జీఎం డీఎన్‌ఏ ఉన్నా పట్టేస్తుంది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి ఒకే ఊళ్లో పండుతాయి, ఒకే లారీలో వెళ్తాయి, కొన్నిచోట్ల ఒకే కళ్లంలో ఆరతాయి. పత్తి గింజ తునక, ఆకు నుసి గోనె సంచికి అంటుకుని ఉంటే మిర్చి నమూనాలో 35ఎస్ మెరవడానికి అదే చాలు. కాబట్టి జీఎం మిర్చి లేకపోయినా పాజిటివ్ రావచ్చు.

వస్తే కంగారు పడొద్దు. రెండో దశ పరీక్ష అడగండి. నమూనాలో పత్తి డీఎన్‌ఏ ఉందా, ఉంటే అది ఏ ఈవెంట్, అంటే ఏ జన్యుమార్పిడి రకం, అని చూడమనండి. మన జీఎం పత్తి రకాల్లో బోల్‌గార్డ్ అయితే మాన్ 531, బోల్‌గార్డ్-2 అయితే మాన్ 15985. అప్పుడు విషయం ‘జీఎం మిర్చి’ నుంచి ‘మిర్చిలో పత్తి దుమ్ము’ దగ్గరికి దిగుతుంది. కొనుగోలుదారుతో మాట్లాడ్డానికి మీకు ఆధారం దొరుకుతుంది.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. మిర్చిలోని రంగు, పాలీఫినాల్స్ పీసీఆర్ చర్యనే అడ్డుకుంటాయి. డీఎన్‌ఏ సరిగా రాక నెగటివ్ వచ్చిందా, నిజంగా లేక నెగటివ్ వచ్చిందా తెలియదు. అందుకే రిపోర్టులో మొక్క డీఎన్‌ఏ కంట్రోల్ (నమూనా నుంచి డీఎన్‌ఏ సరిగా వచ్చిందో చూసే సరిపోల్చు పరీక్ష) పనిచేసినట్టు రాశారో లేదో, కనుగొనగలిగే కనిష్ఠ పరిమితి ఎంతో చూడండి. ‘జీఎం ఫ్రీ’ అని రాసే ల్యాబు కన్నా ‘ఫలానా పరిమితిలో కనబడలేదు’ అని రాసే ల్యాబునే నమ్మండి. ఐఎస్ఓ 17025 (పరీక్షా ల్యాబులకి ఇచ్చే అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉంటే చాలదు. ఆ గుర్తింపు జీఎం పరీక్షకే ఉందా, వేరే పరీక్షలకా అన్నది దాని పరిధి పట్టికలో ఉంటుంది.

నమూనా పైవరస టిక్కీల (మిర్చి బస్తాల) నుంచే తీస్తే ఆ పరీక్షకి విలువ లేదు. లాటంతా తిరిగి, పైనా మధ్యా అడుగూ కలిపి తీయాలి. పత్తి గింజలు మోసిన సంచులు మళ్లీ వాడొద్దు. కారం పట్టించేటట్టయితే అదే మిల్లులో అంతకుముందు మొక్కజొన్న, సోయా ఆడారేమో అడగండి. ఒట్టి కారానికి లేని బెడద మసాలా మిశ్రమాలకు ఉంటుంది. వాటిలో కలిపే మాల్టోడెక్స్‌ట్రిన్ మొక్కజొన్నది కావచ్చు, లెసిథిన్ సోయాది కావచ్చు. ఆ దినుసులకు విడిగా పత్రం తీసుకోవాలి.

ఒక్క మాట. ఐరోపాకి వెళ్లే మిర్చిని నిజంగా వెనక్కి పంపించేవి జన్యువులు కావు, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం, పురుగుమందుల అవశేషాలు. అఫ్లటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 దాటకూడదు. మీ డబ్బూ దృష్టీ ముందు అక్కడ పెట్టండి.

ప్రశ్న: మొక్కజొన్న, బియ్యం బయటికి పంపాలనుకుంటున్నాం. ఏ దేశంలో ఎంత శాతం దాకా చెల్లుతుంది?
– వ్యాపారి, తెనాలి

లేబుల్ విషయంలో, అనుమతి ఉన్న రకం పొరపాటున కలిసినప్పుడు లెక్క ఇది. ఐరోపా 0.9 శాతం, ఆస్ట్రేలియా-న్యూజిలాండ్ 1, బ్రెజిల్ 1, దక్షిణ కొరియా 3, జపాన్, అమెరికా 5. బ్రెజిల్‌లో పరిమితి దాటితే పసుపు త్రికోణంలో ‘టీ’ అక్షరం వేస్తారు. జపాన్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఓ మెలిక ఉంది. 5 శాతం లోపైతే జీఎం అని చెప్పనక్కర్లేదు గానీ, ‘జీఎం కాదు’ అని గొప్పగా రాసుకోవాలంటే అసలు కనబడకూడదు. చైనాలో 2002 నుంచి ఉన్న పద్ధతిలో శాతాల గోలే లేదు. జాబితాలో ఉన్న సరుకైతే లేబుల్ పడాల్సిందే.

ఈ అంకెలు బట్టీ పట్టడం కన్నా ఒకటి అర్థం చేసుకుంటే మేలు. ఒక దేశం అనుమతించిన రకాన్ని మరో దేశం ఇంకా అనుమతించకపోతే మధ్యలో ఓడ ఇరుక్కుంటుంది. 2013 చివర్లో ఎంఐఆర్ 162 అనే మొక్కజొన్న రకం అమెరికాలో చట్టబద్ధం, చైనాలో కాదు. చైనా అమెరికా ఓడల్ని తిప్పి పంపింది. అక్కడి రైతులు, వ్యాపారులు విత్తన కంపెనీ మీద వేసిన దావాలు సుమారు 151 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిశాయి. 2006లో అమెరికా బియ్యంలో ఎల్ఎల్ 601 అనే రకం ఆనవాళ్లు దొరికినప్పుడూ ఇంతే. ఆ రకాన్ని ఎవరూ వాణిజ్యానికి వదల్లేదు, పరీక్షా పొలాల దశలోనే జారిపోయింది.

మనకూ అనుభవం ఉంది. 2021లో భారత్ నుంచి వెళ్లిన సుమారు 500 టన్నుల నూకలతో ఆడిన పిండిలో జీఎం ఆనవాళ్లు కనబడ్డాయని ఐరోపాలో హెచ్చరిక జారీ అయింది. ఆ పిండి వాడిన మిఠాయిల్ని కొన్ని దేశాల్లో వెనక్కి తెప్పించుకున్నారు. మన దగ్గర జీఎం వరి వాణిజ్య సాగే లేదని మన ప్రభుత్వం చెప్పింది. సాగు లేదన్నది నిజమే అయినా, నూకలు ఎక్కడ ఆడారు, ఏ రేవులో ఏ సరుకు పక్కన పోశారు అన్న ప్రశ్నకి అది జవాబు కాదు. పంట పేరుతో పాటు గోదాము, మిల్లు, కంటెయినరు చిట్టా కూడా ఉంచుకోమని చెప్పేది అందుకే.

మొక్కజొన్నకి నమూనా ఎంత తీయాలన్నది అందరూ వదిలేసే లెక్క. వెయ్యికో గింజ చొప్పున, అంటే 0.1 శాతం కలిసినా 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే సుమారు 3,000 గింజలు పరీక్షకి వెళ్లాలి. అంటే దాదాపు కిలో. ఒక శాతం పట్టుకుంటే చాలనుకుంటే 300 గింజలు సరిపోతాయి. గుప్పెడు గింజలు కవర్లో వేసి పంపి ‘క్లీన్’ అని రిపోర్టు తెచ్చుకుంటే అది మీ మనశ్శాంతికే పనికొస్తుంది.

దిగుమతి మాటకొస్తే మన దేశమూ తక్కువేం కాదు. 2021 మార్చి 1 నుంచి యాపిల్, బొప్పాయి, టమాటా, మొక్కజొన్న, గోధుమ వంటి 24 ఆహార పంటల సరుకుతో ఎగుమతి చేసే దేశపు అధికార సంస్థ ఇచ్చిన నాన్ జీఎం పత్రం ఉండాలని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన పెట్టింది. పొరపాటు కలయికకి 1 శాతం వరకు మినహాయింపు.

ప్రశ్న: కనోలా నూనె, సోయా నూనె జీఎం అంటున్నారు. సీసా మీద ఏమీ రాయడంలేదు. పత్తి గింజల నూనె సంగతేమిటి? గేదెలకి పత్తి చెక్క పెడితే పాలలోకి వస్తుందా?
– గృహిణి, పటమట, విజయవాడ

మన దేశానికి వచ్చే సోయా నూనెలో పెద్ద వాటా అర్జెంటీనా, బ్రెజిల్‌ది. అక్కడ పండే సోయా దాదాపు అంతా జీఎం. కనోలా చాలావరకు కెనడాది, అక్కడా అంతే. బీటీ పత్తి (పురుగుని చంపే బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి) వచ్చాక మన పత్తి గింజల నూనె కూడా జీఎం మొక్క నుంచి వచ్చిందే. వీటిని మనం ఏళ్ల తరబడి తింటూనే ఉన్నాం.

కానీ నూనె అంటే కొవ్వు. మార్చిన జన్యువు, అది తయారుచేసే ప్రొటీను ఉండేది గింజ పప్పులో, అంటే చెక్కలో. గానుగ నూనెలో ఏ కాస్తో మిగిలినా, రిఫైనింగ్‌లో జిగురు తీసి, బ్లీచింగ్ మట్టి గుండా పంపి, రెండు వందల డిగ్రీలు దాటిన ఆవిరిలో వాసన తీసేసరికి పరీక్షకి అందేంత డీఎన్‌ఏ సాధారణంగా మిగలదు. ఇక్కడే దేశాల చట్టాలు రెండుగా చీలతాయి. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా ‘చివరి సరుకులో కనబడకపోతే లేబుల్ వద్దు’ అంటాయి. ఐరోపా ‘కనబడినా కనబడకపోయినా, పుట్టింది జీఎం గింజ నుంచే కదా, రాయి’ అంటుంది. అదే నూనె, అదే సీసా. ఒక రేవులో లేబుల్ పడుతుంది, ఇంకో రేవులో పడదు. కాబట్టి లేబుల్ ఉందంటే హాని ఉందని, లేదంటే లేదని అనుకోకండి. అది ఆ దేశం వేసిన ప్రశ్నకి జవాబు, అంతే.

మన దగ్గర 2013 జనవరి నుంచి ప్యాకెట్ ఆహారంలో జీఎం ఉంటే ముందువైపు పైభాగాన ‘జీఎం’ అని రాయాలని తూనికలు, కొలతల నిబంధనల్లో ఉంది. పరిమితి ఎంత, పరీక్ష ఎలా అన్నది అందులో లేదు. శాతం చెప్పని నిబంధనని తనిఖీ చేసేవాడెవడు? 2021 నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ 1 శాతం పరిమితితో ముసాయిదా తెచ్చింది.

చెక్క తిన్న గేదె పాల మీద లేబుల్ ఐరోపా కూడా అడగదు. పశువు పొట్టలో ఆ ప్రొటీను మిగతా ప్రొటీన్ల లాగే అరిగిపోతుంది. పత్తి చెక్కతో జాగ్రత్త పడాల్సింది గాసిపోల్ అనే విషపదార్థం విషయంలో. అది బీటీ అయినా కాకపోయినా పత్తి గింజలో సహజంగా ఉండేదే. నెమరువేయడం ఇంకా పట్టుపడని లేగదూడలకి ఆ చెక్క పెట్టొద్దు.

ప్రశ్న: ‘బీజీ-3’ పత్తి విత్తనం గడ్డిమందు కొట్టినా చావదట. పక్క ఊళ్లో అందరూ వేశారు. వేరే దేశాల్లో అనుమతి ఉన్నప్పుడు మనకెందుకు లేదు?
– రైతు, సత్తెనపల్లి

ముందు పేరు సరిచేసుకుందాం. ఆస్ట్రేలియాలో బోల్‌గార్డ్-3 అని నిజంగానే ఉంది. అది పురుగు తట్టుకునే మూడు జన్యువుల పత్తి. మీ ఊళ్లో ‘బీజీ-3’ అని లూజుగా అమ్మేది అది కాదు. అందులో కలిసింది గ్లైఫోసేట్ అనే గడ్డిమందుని తట్టుకునే జన్యువు. పురుగుకి అదనంగా చేసేదేం లేదు. గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-2నే లెక్కచేయని స్థితికి వచ్చింది, దీన్ని అసలే చేయదు.

గ్లైఫోసేట్ తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి కోసం పెట్టిన దరఖాస్తుని కంపెనీయే 2016లో వెనక్కి తీసుకుంది. కాబట్టి ఇది తిరస్కరించిన విత్తనం కూడా కాదు, పరిశీలన పూర్తికాని విత్తనం. మన పద్ధతిలో మెట్లు ఇవి. సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ, ఆపై బయోటెక్నాలజీ శాఖ కింద ఆర్‌సీజీఎం అనే సమీక్షా కమిటీ, రాష్ట్రం నిరభ్యంతరం ఇస్తే పొలం పరీక్షలు, చివరికి పర్యావరణ శాఖ కింద జీఈఏసీ అనే అనుమతుల కమిటీ. దీనంతటికీ మూలం 1986 పర్యావరణ చట్టం, దాని కింద 1989లో వచ్చిన నియమాలు. జీఈఏసీ సరే అన్నా ఆగిపోవచ్చు. బీటీ వంకాయకి 2009 అక్టోబరులో సరేనంది, 2010 ఫిబ్రవరిలో కేంద్రం మారటోరియం పెట్టింది. అదే వంకాయని బంగ్లాదేశ్ 2013లో అనుమతించి, మరుసటి ఏడు 20 మంది రైతులతో మొదలుపెట్టింది. డీఎంహెచ్-11 అనే జీఎం ఆవాలకి 2022లో అనుమతి వస్తే, 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు.

వేరే దేశంలో అనుమతి అంటే విత్తనం ఒక్కటే కాదు, దానితో పాటు షరతులూ వస్తాయి. ఆస్ట్రేలియా రైతు బీటీ పత్తి వేయాలంటే ఒప్పందం మీద సంతకం పెట్టాలి, పక్కన ఆశ్రయ పంట వేయాలి. అక్కడ అందుకు వాడేది మన కందే! మందు కొట్టని కంది మీద పెరిగిన శనగపచ్చ పురుగు రెక్కల పురుగులు, బీటీ పత్తిలో బతికి బయటపడ్డ ఒకటీ అరా పురుగులతో జతకట్టి తట్టుకునే గుణాన్ని పలచబరుస్తాయి. కోత అయ్యాక నేలలోని కోశస్థ దశని చంపడానికి దుక్కి కూడా చేయాలి. మన దగ్గర 450 గ్రాముల బీటీ గింజలకి విడిగా 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చిన రోజుల్లో ఆ చిన్న పొట్లం ఎందరు వేశారో మీకే తెలుసు. అందుకే ఇప్పుడు అవి ప్యాకెట్‌లోనే కలిపి 475 గ్రాములుగా ఇస్తున్నారు. లూజు విత్తనంలో ఈ ఏర్పాటు ఏదీ ఉండదు.

మీకు వచ్చే నష్టాలు సూటిగా చెప్తాం. బిల్లు ఉండదు కాబట్టి మొలక రాకపోయినా నష్టపరిహారం అడగలేరు. చాలాసార్లు అది హైబ్రిడ్ పంట నుంచి తీసిన రెండో తరం గింజ, చేనంతా ఎగుడుదిగుడుగా వస్తుంది. కొన్ని మొక్కల్లో ఆ జన్యువు ఉండదు, గడ్డిమందు కొట్టగానే అవి మాడిపోతాయి. గాలికి మందు తుంపర పక్క చేలో మిర్చి మీద పడితే ఆకులు పసుపెక్కి ముడుచుకుపోతాయి. ఆ గొడవలో తప్పు మీదే అవుతుంది. ఇక్కడ గ్లైఫోసేట్‌కి లేబుల్ అనుమతి తేయాకు తోటలకి, పంట లేని భూములకి మాత్రమే. పత్తికి లేదు.

అధికారులు కనిపెట్టడం కష్టమేం కాదు. లేత ఆకు ముక్కని చిన్న గొట్టంలో ద్రావణంతో నలిపి, సీపీ4 (గ్లైఫోసేట్ తట్టుకునే గుణమిచ్చే ప్రొటీను) స్ట్రిప్ ముంచితే పది నిమిషాల్లోపే తెలుస్తుంది. రెండు గీతలు వస్తే ఉన్నట్టు, ఒకటే వస్తే లేనట్టు, ఒక్కటీ రాకపోతే స్ట్రిప్ పాడైనట్టు. పర్యావరణ చట్టంలో 2024 ఏప్రిల్ నుంచి చేసిన మార్పుతో జైలు స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. విత్తన చట్టం కేసులు దీనికి వేరు.

ప్రశ్న: జన్యు సవరణ చేసిన వరి వచ్చిందంటున్నారు. అది జీఎం కాదా?
– వ్యవసాయ విద్యార్థి, బాపట్ల

మీ ఊరికి దగ్గరి చుట్టమే. 2025 మే 4న ప్రకటించిన రెండింటిలో డీఆర్ఆర్ ధాన్ 100 అనే ‘కమల’, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 సాంబ మసూరి నుంచి వచ్చింది. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1. దాని తల్లి మారుటేరు రకం ఎంటీయూ 1010. రెండూ మన నేల రకాలే.

కమలలో బయటి జన్యువు చేర్చలేదు. వెన్నుకి గింజల సంఖ్యని అదుపుచేసే సీకేఎక్స్2 అనే వరి జన్యువునే కత్తిరించి నిలిపేశారు. ఇలా ఉన్నదాన్ని కోసి వదిలేస్తే ఎస్‌డీఎన్-1, నమూనా చూపి చిన్నగా దిద్దితే ఎస్‌డీఎన్-2, బయటి జన్యువుని చొప్పిస్తే ఎస్‌డీఎన్-3. 2022 మార్చి 30న కేంద్రం మొదటి రెంటినీ 1989 నియమాల్లోని 7 నుంచి 11 వరకు ఉన్న నియమాల నుంచి మినహాయించింది. బయటి డీఎన్‌ఏ మిగల్లేదని చూపించాలి. మూడోది మామూలు జీఎం దారిలోనే వెళ్లాలి.

అర్జెంటీనా 2015లోనే ఇలాంటివాటిని కేసు చూసి తేల్చే పద్ధతి పెట్టింది. జపాన్‌లో నోటిఫికేషన్ ఇచ్చి అమ్ముకోవచ్చు, గాబా అనే అమైనో ఆమ్లం ఎక్కువున్న టమాటా అలాగే వచ్చింది. ఐరోపా కోర్టు మాత్రం 2018 జులై 25న ఇవీ జీఎం కిందికే వస్తాయని తేల్చింది. 2023 జులైలో కమిషన్ వీటిని సడలించే ప్రతిపాదన చేసింది. అమెరికాలో 2020 నాటి సడలింపు నిబంధనల్ని 2024 డిసెంబరులో కోర్టు కొట్టేసింది.

చిక్కు పరీక్ష దగ్గర. 35ఎస్, నాస్ వెతికే ల్యాబుకి కమల బియ్యం మామూలు బియ్యమే. కత్తిరించిన చోటు ముందే తెలిస్తేనే పట్టుకోగలరు. అంటే రేపు ఎగుమతిలో దీన్ని వేరుగా ఉంచాల్సి వస్తే ఆధారం ల్యాబు కాదు, విత్తనం దగ్గర్నుంచి మిల్లు దాకా ఉంచిన చిట్టా.

ప్రశ్న: మేం వంకాయ పచ్చడి, ఆవకాయ చేసి అమెరికాలో దుకాణాలకి పంపుతాం. అక్కడి ‘బయోఇంజినీర్డ్’ లేబుల్ మాకు వర్తిస్తుందా?
– పచ్చళ్ల తయారీదారు, విజయవాడ

అమెరికా జీఎం ఆహారాన్నే ‘బయోఇంజినీర్డ్’ అంటుంది. ఆ లేబుల్ వర్తించే అవకాశం ఉన్నది వంకాయకి. 2022 జనవరి 1 నుంచి తప్పనిసరైన ఆ చట్టం కింద అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చిన జాబితాలో బంగ్లాదేశ్ బీటీ వంగ రకాలు ఉన్నాయి. మీ వంకాయ మన దేశానిదే అని చూపే కొనుగోలు చిట్టా ఉంటే లేబుల్ అక్కర్లేదు. అమ్మకం జరిగాక కనీసం 2 ఏళ్లు ఆ చిట్టా ఉంచండి. మిర్చి, మామిడి, నువ్వులు, మన ఆవాలు ఆ జాబితాలో లేవు. కనోలా ఉంది, పత్తి ఉంది. పచ్చడిలో పత్తి గింజల నూనె వాడితే అది రిఫైండ్ అని నూనె మిల్లు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నువ్వుల నూనెకి ఈ తలనొప్పి లేదు.

ఏడాదికి 25 లక్షల డాలర్ల కన్నా తక్కువ రాబడి ఉన్న చిన్న తయారీదారులకి, హోటళ్లకి మినహాయింపు ఉంది. మీ అబ్బాయికి ఇంటి నుంచి పంపే పార్సిల్‌కి ఈ చట్టంతో పనే లేదు. అక్కడ చూసుకోవాల్సింది నూనె కారకుండా మూత బిగించడం.